పచ్చితిండికి మళ్ళడం – మా అనుభవం
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరినప్పుడు మేము కొంత వెనుకాడాము. మేము వైద్యులం కాము. ముప్పై రెండేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పిన పంతుళ్ళం. అయితే తిండి మార్చుకోబోయి మేము ఒక చోట కాలు జారి పడ్డాము. పడ్డ చోటు మాకు బాగా గుర్తున్నది. ఆ దారిన ఇప్పుడు మనవాళ్ళు చాలామంది నడవాలనుకుంటున్నారు గనుక, ఆ గుంట ఎక్కడున్నదో చూపించడం మా విధి అనుకొని ఒప్పుకున్నాము.

పచ్చితిండి అంటే పొయ్యి ఎక్కని తిండి. పండ్లు, పచ్చి కూరగాయలు, నానబెట్టిన గింజలు, మొలకలు. ఇది ఏదో పై దేశం నుండి దిగిన వింత కాదు. జొన్నరొట్టెతో ఉల్లిగడ్డ కొరుక్కోవడం మన జిల్లాలో తాతలనాటి అలవాటు. పచ్చిపులుసు మరగబెట్టరు. మన హిందూ సోదరులు శ్రీరామనవమికి పంచే వడపప్పు నానిన పెసరపప్పే గదా! ఉగాది పచ్చడి కూడా పొయ్యి ఎక్కదు. మన ఇళ్ళలో బిర్యానీ పక్కన కచుంబర్, ఇఫ్తార్‌లో ఖర్జూరం, కోసిన పండ్లు, నానిన శనగపప్పు ఎప్పటినుండో ఉన్నవే. కాబట్టి ప్రశ్న పచ్చితిండి మంచిదా చెడ్డదా అని కాదు. ఎంత, ఎవరికి, ఎలా అన్నదే ప్రశ్న.

ముందుగా మా సంగతి. ఉద్యోగ విరమణకు రెండేళ్ళు ముందు మాకు షుగరు ఉన్నదని తేలింది. ఇల్లు వికారాబాదులో, బడి తాండూరులో. రోజూ రైలు ప్రయాణం. స్టేషనులో మిర్చీలు, బడి దగ్గర సమోసా, ఇంట్లో రెండు పూటలా అన్నం. ఏటా నాలుగైదు నెలలు దావతులే దావతులు. డాక్టరుగారు మాత్రలు రాసి, తిండి తగ్గించమన్నారు. మాత్రలు వేసుకున్నాము. తిండి మాట మరిచిపోయాము.

అలా ఏడాది నడిచిన తర్వాత ఒక పెద్దమనిషి మమ్మల్ని పట్టుకున్నారు. "మాస్టారూ, నిప్పు తగిలిన తిండే జబ్బులకు మూలం. పూర్తిగా పచ్చితిండికి రండి, షుగరు పారిపోతుంది" అన్నారు. మాటలు తియ్యగా ఉన్నాయి. మేము మరుసటి సోమవారం నుండే మొదలుపెట్టాము. ఉదయం కారెట్ రసం, మధ్యాహ్నం మొలకలు, రాత్రి పండ్లు. అన్నం లేదు, రొట్టె లేదు, చాయ్ లేదు. ఎవరితోనూ సంప్రదించలేదు.

ఇంట్లో ఏం జరిగిందో చెప్పాలి. మా బేగంకు రెండు వంటలయ్యాయి, పొయ్యి మీద ఒకటి, కత్తిపీట ముందు ఒకటి. అదైనా సర్దుకున్నది. మా అమ్మీజాన్ మాత్రం సర్దుకోలేదు. ఆమెకు అప్పటికి ఎనభై దాటినవి. మా నలభై ఏళ్ళ ఉద్యోగ జీవితంలో, అంటే ట్యూషన్లు చెప్పిన రోజులతో కలిపి, శుక్రవారం పొద్దున ఆమె దగ్గరుండి చేయించే కిచిడీ, ఖట్టా తినకుండా మేము గడప దాటింది లేదు. ఆ శుక్రవారం మేము గిన్నె పక్కకు జరిపి మొలకల పళ్ళెం తీసుకున్నాము. ఆమె ఏమీ కోప్పడలేదు. "నా చేతి కిచిడీ నీకు విషమైందా బేటా?" అని మాత్రం అడిగి, తాను కూడా తినకుండా లేచిపోయింది. మేము అప్పుడు దాన్ని ముసలితనపు చాదస్తం అనుకున్నాము. ఇవాళ అందరి ముందు ఒప్పుకుంటున్నాము, చాదస్తం మాదే.

ఎనిమిదో రోజు సాయంత్రం తాండూరులో రైలెక్కాము. మధ్యాహ్నం మొలకలు సరిగా తినలేదు, కడుపు ఉబ్బరంగా ఉండి సగం వదిలేశాము. ధారూరు దాటిన తర్వాత చేతులు వణకడం మొదలైంది. చల్లని చెమటలు పట్టాయి. ఎదురుగా కూర్చున్నవారి ముఖం రెండుగా కనిపించింది. తర్వాత సగమే గుర్తున్నది. ఎవరో "సార్‌కు షుగరు పడిపోయింది" అని అరిచారు. చాయ్ అమ్మే పిల్లవాడు గ్లాసులో నాలుగు చెంచాల చక్కెర వేసి తాగించాడు. వికారాబాదులో ఇద్దరు పట్టుకొని దింపారు. అందులో ఒకరు మా పాత విద్యార్థి.

డాక్టరుగారు విషయమంతా విని ఒకే మాట అన్నారు: "తిండి మార్చారు, మాత్ర మార్చలేదు." మేము వేసుకునే మాత్ర ఒంట్లో ఇన్సులిన్‌ను ఎక్కువగా ఊరించే రకం. రెండు పూటలా అన్నం తినే మనిషికి లెక్కకట్టిన మోతాదు అది. అన్నం ఒక్కసారిగా మానేసి, మాత్ర అలాగే మింగితే రక్తంలో చక్కెర ఉండవలసిన దానికన్నా కిందికి పోతుంది. పిల్లలకు సమీకరణాలు చెప్పేవాళ్ళం మేము. ఒక వైపు తీసేస్తే రెండో వైపు కూడా తీయాలని మాకు తెలియదా? తెలుసు. ఒంటి విషయంలో తోచలేదు.

ఇందులో ఇంకొక ప్రమాదం కూడా ఉన్నది. ఆ పెద్దమనిషి తర్వాత మమ్మల్ని కలిసి "మాత్రలే పూర్తిగా మానేయవలసింది" అన్నారు. అది ఇంకా పెద్ద గుంట. మాత్ర ఎంత తగ్గించాలి, ఎప్పుడు తగ్గించాలి అన్నది పరీక్ష చేసి డాక్టరు చెప్పవలసిన మాట. మనం చెప్పుకునేది కాదు, పొరుగువారు చెప్పేదీ కాదు.

ఈ దారిలో మాకన్నా చాలా గొప్పవారు కూడా కాలు జారారని తర్వాత చదివి తెలుసుకున్నాము. 1929లో గాంధీజీ ఆంధ్రదేశంలో పర్యటించినప్పుడు రాజమండ్రిలో ప్రకృతి చికిత్స చేసే సుందరం గోపాలరావుగారు ఆయనను కలిశారు. తొట్టిస్నానాలు మాత్రమే చాలవు, తిండికి నిప్పు తగలకుండా చూసుకోవాలి అన్నది గోపాలరావుగారి వాదం. గాంధీజీకి ఆ ఆలోచన కొత్త కాదు. 1893లోనే ఒకసారి ప్రయత్నించి కొద్ది రోజులకే విడిచిపెట్టారు. రాజమండ్రి మాటలతో మళ్ళీ మొదలుపెట్టి, తమ ఆహారం లెక్కను 'యంగ్ ఇండియా' పత్రికలో ప్రకటించారు. మొలకెత్తిన గోధుమలు 8 తులాలు, నూరిన బాదం 8 తులాలు, నూరిన పచ్చి ఆకు 8 తులాలు, నిమ్మకాయలు 6, తేనె 2 ఔన్సులు. తులమంటే పదకొండున్నర గ్రాములకు కాస్త ఎక్కువ. అంటే ఒక్కొక్కటి 90 గ్రాముల పైచిలుకు అన్నమాట.

కొన్ని నెలలు గడిచేసరికి ఆయనకు జిగట విరేచనాలు పట్టుకున్నాయి. ప్రయోగం ఆపి మళ్ళీ మేకపాలకు రావలసి వచ్చింది. ఇందులో మాకు నచ్చిన విషయం ఒకటున్నది. మొదలుపెట్టిన సంగతి ఎలా అచ్చువేశారో, ఆగిపోయిన సంగతి కూడా అలాగే అచ్చువేశారు. మన చుట్టూ పచ్చితిండి గొప్పలు చెప్పేవారు చాలామంది ఉన్నారు. ఎక్కడ ఆగిపోయారో చెప్పేవారు తక్కువ.

అలాగని ఈ మార్గమంతా తప్పు అనడం న్యాయం కాదు. స్విట్జర్లాండులో బిర్చెర్ బెన్నెర్ అనే డాక్టరు వంద ఏళ్ళకు పైగా కిందటనే రోగులకు పండ్లు, పచ్చి కూరలు పెట్టి పేరు తెచ్చుకున్నారు. మన తెలుగునాట మంతెన సత్యనారాయణరాజుగారి పుస్తకాలు, టీవీ ప్రసంగాల తర్వాత మొలకల గిన్నె లేని వీధి లేదు. పండ్లలో, పచ్చి కూరల్లో పీచు ఉంటుంది. కడుపు నిండుతుంది, చక్కెర నెమ్మదిగా ఎక్కుతుంది. ఉడికిస్తే విటమిన్ సి చాలావరకు పోతుంది. ఇవన్నీ నిజాలే.

కాని రెండో వైపు నిజాలు కూడా వినాలి. టమాటలోని ఎర్రదనపు సారం, కారెట్‌లోని పసుపు సారం ఉడికించినప్పుడే మన ఒంటికి ఎక్కువగా పడతాయి. మన తాండూరు కందులకు 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఊరంతా గర్వపడ్డాము. ఆ కందుల్లో మాంసకృత్తుల అరుగుదలను అడ్డుకునే పదార్థం ఉన్నది. ఉడికిస్తేనే అది చస్తుంది. చేలో నాలుగు పచ్చి కందికాయలు ఒలుచుకు తింటే ఏమీ కాదుగాని, కందిపప్పును నానబెట్టి పచ్చిగా కడుపునిండా తినడం కుదరదు. రాజ్మా అయితే పచ్చిగా కొన్ని గింజలు తిన్నా వాంతులు, విరేచనాలు అవుతాయి. కర్రపెండలం పచ్చిగా విషం. చేమదుంప నోరు, గొంతు దురదపెడుతుంది. నిప్పును అల్లాహ్ మనకు ఊరికే ఇవ్వలేదు.

జర్మనీలో 500 మందికి పైగా పచ్చితిండివాళ్ళను పరిశీలించి 1999లో ఫలితాలు ప్రకటించారు. వారిలో 45 ఏళ్ళలోపు స్త్రీలలో దాదాపు నూటికి 30 మందికి నెలసరి పూర్తిగానో కొంతగానో ఆగిపోయింది. బరువు మరీ తగ్గడమే అందుకు పెద్ద కారణం. అమ్మాయిల పెళ్ళికి ముందు సన్నబడాలని ఇలాంటివి మొదలుపెట్టించే తల్లులు ఈ మాట గుర్తుంచుకోవాలి. విటమిన్ బి12 అన్నది కాయల్లో, ఆకుల్లో దొరకదు. పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసం వల్ల రావాలి, లేదా మాత్ర వేసుకోవాలి. పాలు మాత్రం ఎప్పుడూ కాచే తాగాలి. గుడ్డు, మాంసం పూర్తిగా ఉడకాలి. పచ్చితిండి పేరుతో వాటి జోలికి పోరాదు.

మొలకల మాట కూడా చెప్పాలి. 2011లో జర్మనీలో మెంతి మొలకలు తిని 3,800 మందికి పైగా జబ్బుపడ్డారు, 50 మందికి పైగా చనిపోయారు. కారణం ఒక సూక్ష్మజీవి. గింజ మొలవడానికి కావలసిన వెచ్చదనం, తడి సూక్ష్మజీవులకూ అనుకూలమే. కాబట్టి గర్భిణులు, పసిపిల్లలు, ముసలివారు, జబ్బుతో నీరసించినవారు మొలకలను ఆవిరి మీద ఉడికించుకొనే తినాలి. మా కోడలు కడుపుతో ఉన్నప్పుడు మేమే ఆమె పళ్ళెంలో పచ్చి మొలకలు పోశాము, ప్రేమతోనే. డాక్టరమ్మ చెప్పిన తర్వాత తీసేశాము.

ఇక మేము రెండోసారి ఎలా మొదలుపెట్టామో చెబుతాము. ఈసారి డాక్టరుగారిని అడిగి, ఇంట్లో చక్కెర చూసుకునే యంత్రం కొనుక్కొని, మా బేగంతో కూర్చొని, అమ్మీజాన్ అనుమతి తీసుకొని మొదలుపెట్టాము.

మొదటి రెండు వారాలు తిండి ఏమీ మార్చలేదు. మధ్యాహ్నం భోజనానికి ముందు ఒక పళ్ళెం కచుంబర్ తిన్నాము. కీర, ముల్లంగి, టమాట, ఉల్లిగడ్డ, కొత్తిమీర, నిమ్మరసం. ఉప్పు చిటికెడు. అది తిన్న తర్వాత అన్నం దానంతటదే తగ్గింది. ఎవరూ బలవంతం చేయలేదు.

మూడో వారం నుండి నాస్తా మార్చాము. ఒక జామపండు, నానిన పల్లీలు గుప్పెడు, పెసర మొలకలు రెండు చెంచాలు. రెండు చెంచాలే. ఆరోజు రైలులో మా కడుపు ఉబ్బరానికి కారణం గిన్నెడు మొలకలు ఒక్కసారి మింగడం. పీచు అలవాటు లేని పేగుకు వారానికి కొంచెం కొంచెంగా పెంచాలి, బాగా నమలాలి, నీళ్ళు తాగాలి.

రెండో నెల నుండి రాత్రి పూట ఒక జొన్నరొట్టె, పప్పో కూరో కొంచెం, మిగిలినదంతా పచ్చి కూరలు. అక్కడ ఆగాము. ఇవాళ్టికీ మా పళ్ళెంలో సగం పచ్చిది, సగం వండినది. నూటికి నూరు పచ్చిది తినాలన్న పట్టుదల మాకు లేదు. మూడు నెలలకొకసారి పరీక్ష చేయించుకున్నాము. రెండు మాత్రల్లో ఒకటి డాక్టరుగారు తగ్గించి, తర్వాత తీసేశారు. రెండోది ఇంకా వేసుకుంటున్నాము. షుగరు పారిపోలేదు, లొంగి ఉన్నది. అదే మాకు చాలు.

గృహిణులకు కొన్ని సంగతులు. పెసలు రాత్రి నానబోసి, పొద్దున నీళ్ళు వంచి, శుభ్రమైన గుడ్డలో కట్టాలి. పూటకొకసారి మంచినీళ్ళతో కడగాలి. మొలక రాగానే ఆ రోజే తినాలి. జిగురుగా ఉన్నా, వాసన వచ్చినా పారేయాలి, జాలిపడరాదు. బూజు పట్టిన పల్లీ ఒక్కటి కూడా వాడరాదు. ఆకుకూరలు, కొత్తిమీర ధారగా పడే నీటిలో ఆకు ఆకు విడదీసి కడగాలి. మన మూసీ అనంతగిరి గుట్టల్లో తేటగా పుడుతుంది. హైదరాబాదు దాటేసరికి మురుగవుతుంది, ఆ నీటితో ఆకుకూరలు పండించేవారున్నారు. మురుగు అంటిన ఆకు సరిగా కడగకుండా తింటే నులిపురుగులు, బద్దెపురుగు గుడ్లు కడుపులోకి పోతాయి. ఏ నీళ్ళతో పండిందో తెలియని ఆకు ఉడికించడమే మేలు. పండ్ల రసం తీయకండి, పండు పండుగానే తినండి. షుగరున్నవారికి రసం చక్కెర నీళ్ళతో సమానం. మూత్రపిండాల జబ్బున్నవారు, రక్తం పలుచబడే మందు వాడేవారు డాక్టరును అడగకుండా పండ్లు, ఆకులు పెంచరాదు.

డబ్బున్నవారికే ఈ తిండి అనుకోవద్దు. బాదం బదులు పల్లీ చాలు. ఆపిల్ బదులు మన జామ, కార్తీక మాసపు సీతాఫలం (షుగరున్నవారు సగమే), రేగుపండు ఉన్నాయి. సంతలో ముల్లంగి, కీర ఎప్పుడూ మాంసం ధరకు రావు.

అనంతగిరి గుట్ట మీది క్షయ ఆసుపత్రి మనందరికీ తెలుసు. మందులు లేని రోజుల్లో క్షయకు మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి ఇవే వైద్యం. వాటివల్ల కొందరు తేరుకున్నారు, చాలామంది తేరుకోలేదు. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొన్న తర్వాతనే ఆ జబ్బు లొంగడం మొదలైంది. అయినా ఈనాటికీ క్షయరోగికి మందుతో పాటు మంచి తిండి కావాలంటారు. గాలి, తిండి, మందు ఒకదానికొకటి శత్రువులు కావు. మనమే వాటి మధ్య తగవు పెడుతున్నాము.

చివరిగా సంఘానికి రెండు విన్నపాలు. రమజాన్‌లో సంఘం ఇచ్చే ఇఫ్తార్‌లో నూనెలో వేయించినవి సగానికి తగ్గించి, ఆ డబ్బుతో పండ్లు, నానిన శనగపప్పు పెంచండి. రోజంతా ఖాళీగా ఉన్న కడుపుకు ఖర్జూరం, నీళ్ళు, పండు ఇచ్చే హాయి మిర్చీబజ్జీ ఇవ్వదు. షుగరుకు మందులు వాడేవారు మాత్రం ఉపవాసాలు మొదలుకాకముందే డాక్టరుతో మాట్లాడి మోతాదు సరిచేసుకోవాలి. రెండోది, మన పెళ్ళి దావతుల్లో బిర్యానీ దేగ్ పక్కన ఒక పెద్ద తట్టలో కచుంబర్ పెట్టించండి. వడ్డించేవారు అది ముందు వడ్డించాలి, చివర కాదు.

మా అమ్మీజాన్ రెండేళ్ళ కిందట అల్లాహ్ సన్నిధికి చేరుకున్నది. రెండోసారి మేము మొదలుపెట్టినప్పుడు ఆమెకు పళ్ళు లేవు, పచ్చి కూర నమలలేదు. మా బేగం కీర, కారెట్ సన్నగా తురిమి, పెరుగులో కలిపి ఇచ్చేది. ఆమె ఒక చెంచా తిని, గిన్నె మా వైపు జరిపేది. మేము ఆమె కిచిడీ రెండు ముద్దలు తినేవాళ్ళం. ఒకే దస్తర్‌ఖాన్ మీద ఇద్దరి తిండీ ఉండేది. ఆ పచ్చిది ఆమెకు ఎంత మేలు చేసిందో మేము చెప్పలేము. ఆ రెండు ముద్దలు మాకు ఏ కీడూ చేయలేదని మాత్రం చెప్పగలము.

కనుక పెద్దలారా, తిండి మార్చుకోండి. నెమ్మదిగా మార్చుకోండి, డాక్టరును అడిగి మార్చుకోండి, ఇంట్లోవాళ్ళ మనసు విరగకుండా మార్చుకోండి. పొయ్యి ఆర్పవలసిన పని లేదు, మంట తగ్గిస్తే చాలు.

 అల్లాహ్ మనకందరికీ ఆరోగ్యం, దానితో పాటు వివేకం ప్రసాదించుగాక. ఆమీన్.